ఉలూరు ప్రయాణం: మీ 12 రోజుల లెక్కలో తేడా ఎక్కడుందంటే

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, తరువాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుంది. మీ దంపతులు మెల్‌బోర్న్‌లో ఉంటారు. జులై మొదట్లో 12 రోజుల సెలవు దొరికింది. సొంత సెడాన్ కారులో అడిలైడ్ మీదుగా ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలోని ఉలూరు కొండ, ఆలిస్ స్ప్రింగ్స్, ఉత్తర కొసనున్న డార్విన్ చూసి అదే దారిలో తిరిగి రావాలని, రాత్రిళ్ళు టెంటు వేసుకుని పడుకోవాలని ఆలోచన. ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరా, పాముల సంగతేమిటి, శాకాహారులం కనుక తిండికి ఏం చేయాలి అని అడిగారు. చివర్లో "మా ఆవిడ భయపడుతోంది, కాస్త ధైర్యం చెప్పండి" అని రాశారు.

ధైర్యం మాత్రం చెప్పను. మీ ప్రణాళిక చూశాక నాకూ భయం వేసింది. మాది అనంతపురం జిల్లా. ఎండ, ఎర్రమట్టి, నీళ్ళు లేని నేల అంటే నాకు తెలియనివి కావనుకునే ఈ దేశం వచ్చాను. అడిలైడ్‌లో 18 ఏళ్ళుగా ఉంటున్నాను. మా వారూ నేనూ టెంటు వేసుకుని ఈ దారిలో ఉత్తరానికి ఏడుసార్లు వెళ్ళాము. మొదటిసారి సరిగ్గా మీలాగే లెక్క వేసుకున్నాము.

ఆ లెక్క ఏమిటో చూడండి. మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్‌కు సుమారు 730 కిలోమీటర్లు. అక్కడి నుంచి డార్విన్ 3,000 పైమాటే. ఉలూరు మాత్రం పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా పోయే స్టూవర్ట్ హైవే మీద లేదు. ఎర్ల్‌డుండా దగ్గర పడమటికి తిరిగి 247 కిలోమీటర్లు లోపలికి పోవాలి, మళ్ళీ అంతే వెనక్కి రావాలి. అన్నీ కలిపితే రానూపోనూ 8,000. పన్నెండుతో భాగిస్తే రోజుకు 660 దాటుతుంది. ఫోనులో చూస్తే రోజుకు ఏడు గంటల డ్రైవింగ్ అని కనిపిస్తుంది, అదేమంత పెద్ద విషయం అనిపించదు. రాత్రి హైదరాబాదులో బస్సెక్కి ఉదయం తిరుపతిలో దిగే అలవాటు మనది. దూరం మిగిలిపోతే రాత్రి లాగించేద్దాం అనుకుంటాము.

ఇక్కడ ఆ రాత్రి లేదు. పోర్ట్ అగస్టా దాటాక చీకట్లో కారు నడపకూడదు. జులై మొదట్లో అడిలైడ్‌లో సాయంత్రం ఐదుంబావుకే సూర్యుడు దిగిపోతాడు. ఉలూరు దగ్గర ఉదయం ఏడున్నరకు గానీ తెల్లవారదు, ఆరు దాటగానే పొద్దు గూకుతుంది. పదిన్నర గంటల పగలు. తెల్లవారిన వెంటనే ఒక గంట, పొద్దు గూకే ముందు ఒక గంట కంగారూలు రోడ్డెక్కే వేళ. అవి తీసేస్తే ఎనిమిదిన్నర గంటలు మిగులుతాయి. టిఫిను, టెంటు విప్పి కారులో సర్దుకోవడం, పెట్రోలు, మధ్యాహ్నం భోజనం, ఒకటి రెండు చోట్ల ఆగి చూడడం, సాయంత్రం వెలుతురు ఉండగానే మళ్ళీ టెంటు వేసుకోవడం, అన్నీ అందులోనే. స్టీరింగ్ ముందు కూర్చోవడానికి దక్కేది ఐదు గంటలు. అంటే 450 నుంచి 500 కిలోమీటర్లు. మీ ప్రశ్నకు నా జవాబు ఈ ఒక్క అంకెలోనే ఉంది.

మాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. 2012 జూన్‌లో గ్లెండాంబో నుంచి సాయంత్రం నాలుగింటికి బయలుదేరాము. కూబర్ పీడీ అక్కడికి 254 కిలోమీటర్లు, మధ్యలో ఊరు లేదు, బంకు లేదు. పొద్దు గూకింది. "ఇంకో గంటే కదా" అన్నారు మా వారు. నేనూ సరే అన్నాను కాబట్టి తప్పు ఇద్దరిదీ. ఎడమ వైపు పొదల్లోంచి ఒక పెద్ద ఎర్ర కంగారూ సరిగ్గా హెడ్‌లైట్ల ముందుకు దూకింది. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. ముందు భాగం లోపలికి నొక్కుకుపోయి రేడియేటర్ పగిలింది. నీరంతా కారిపోయింది. ఫోనులో సిగ్నల్ లేదు. గంట తరువాత ఒక రోడ్ ట్రైన్ (వరుసగా ట్రైలర్లు లాక్కెళ్ళే పొడవాటి లారీ) డ్రైవర్ ఆగి, తన రేడియోలో ముందున్నవాళ్ళకు కబురు పంపాడు. కారును లాక్కెళ్ళే బండి వచ్చేసరికి రాత్రి పదకొండు. ఆ చలిలో కారులోనే దుప్పట్లు కప్పుకుని పులిహోర తింటూ కూర్చున్నాము. ఆ బండికి కట్టిన డబ్బుతో ఇండియాకు ఒక టికెట్టు వచ్చేది. కూబర్ పీడీలో విడిభాగం కోసం మూడు రోజులు ఎదురుచూశాము. అప్పుడు మా సెలవు మొత్తం ఎనిమిది రోజులు.

కాబట్టి డార్విన్ వదిలేయండి. ఆలిస్ స్ప్రింగ్స్ కూడా ఈసారికి వదిలేయండి, విమానంలో ఎప్పుడైనా వెళ్ళవచ్చు. ఉలూరు ఒక్కటే గమ్యం అనుకుంటే మీ 12 రోజులు బాగా సరిపోతాయి. మొదటి రోజు అడిలైడ్. 730 కిలోమీటర్లు నా లెక్కకు ఎక్కువే, కానీ ఆ దారిలో వరుసగా ఊళ్ళున్నాయి, ఇద్దరూ నడుపుతారు, ఫరవాలేదు. రెండో రోజు పోర్ట్ అగస్టా మీదుగా వూమెరా. మూడో రోజు కూబర్ పీడీ, 370 కిలోమీటర్లే కనుక మధ్యాహ్నానికి చేరతారు. నాలుగో రోజు ఉదయం ఆ ఊరు చూసి మార్లాలో రాత్రి బస. ఐదో రోజు ఉలూరు పక్కనున్న యులారా. అక్కడ మూడు రాత్రులు. ఎనిమిదో రోజు ఉదయం కూడా అక్కడే గడిపి, మధ్యాహ్నం ఎర్ల్‌డుండాకు వెనక్కి. అక్కడి నుంచి కూబర్ పీడీ, పోర్ట్ అగస్టా, అడిలైడ్, ఇల్లు. మొత్తం 4,600 పైచిలుకు. తిరుగు ప్రయాణంలో కూబర్ పీడీ నుంచి పోర్ట్ అగస్టాకు 540 కిలోమీటర్ల రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు సూర్యుడితో పాటు లేవండి, మధ్యలో ఎక్కడా ఎక్కువసేపు ఆగవద్దు.

కింగ్స్ కాన్యన్ ఎందుకు చేర్చలేదని అడుగుతారు. యులారా నుంచి 300 కిలోమీటర్లు, తారు రోడ్డే, ఆ కొండ అంచు మీద ఆరు కిలోమీటర్ల నడక నాకు ఉలూరు కంటే కూడా ఇష్టం. ఇంకో రెండు రోజులు సెలవు దొరికితే తప్పక వెళ్ళండి. దొరకకపోతే ఆశ పడవద్దు.

ఇలా కుదించుకుంటే మీ రెండో ప్రశ్నకు జవాబు సులువవుతుంది: ఫోర్ వీల్ డ్రైవ్ అక్కరలేదు. అడిలైడ్ నుంచి ఉలూరు పార్కింగ్ వరకు అంతా తారు రోడ్డు. ఊడ్నడట్టా ట్రాక్ లాంటి మట్టి దారుల ఫొటోలు చూసి మనసు పడవద్దు. అవి వేరే కారుకు, వేరే అనుభవానికి. మీరు చూడవలసింది డిక్కీలో స్టెప్నీ. ఇప్పటి సెడాన్లలో చాలా వాటికి పూర్తి సైజు స్టెప్నీ ఉండదు. గంటకు 80 దాటకూడదని రాసి ఉన్న సన్నటి చక్రమో, కొన్నిటిలో అదీ లేక గాలి నింపే డబ్బా మాత్రమో ఉంటాయి. అలాంటి చక్రంతో 250 కిలోమీటర్లు దేకడం నరకం. పూర్తి సైజు చక్రం ఒకటి సంపాదించుకోండి. మీ ఇంటి ముందు ఇద్దరూ చెరొకసారి చక్రం మార్చి చూడండి. ఆవిడకు కూడా రావాలి. మీకు జ్వరం వస్తే కారు నడపవలసింది ఆవిడే.

రోడ్డు మీద వేగ పరిమితి దక్షిణ ఆస్ట్రేలియాలో 110, సరిహద్దు దాటి నార్తర్న్ టెరిటరీలో అడుగుపెట్టాక స్టూవర్ట్ హైవే మీద 130. మీరు వంద దగ్గరే ఉండండి, పెట్రోలు మిగులుతుంది. రోడ్ ట్రైన్లు 53 మీటర్ల పొడవు దాకా ఉంటాయి. మన ఆర్టీసీ బస్సులు నాలుగు ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టినా ఇంకా చోటు మిగిలే పొడవు. దాన్ని దాటాలంటే ఎదురుగా కనీసం ఒకటిన్నర కిలోమీటరు ఖాళీగా కనిపించాలి. కనిపించకపోతే వెనుకే ఉండి పాటలు వినండి. ఎదురుగా వచ్చేటప్పుడు అది లేపే గాలికి కారు ఒక్కసారి పక్కకు ఊగుతుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి. జంతువు అడ్డం వస్తే స్టీరింగ్ తిప్పకండి, నేరుగా బ్రేకు నొక్కండి. తిప్పినవాళ్ళ కార్లే పల్టీలు కొడతాయి. చచ్చిన కంగారూ మీద పెద్ద గద్దలు వాలి ఉంటాయి. రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటే పక్షి, తిని బరువెక్కి చటుక్కున లేవలేదు. దూరం నుంచే వేగం తగ్గించి హారన్ కొట్టండి.

ఒంటెలు కూడా కనిపించవచ్చు. ఇవి ఇక్కడి జంతువులు కావు. 1860ల నుంచి కరాచీ రేవు మీదుగా ఓడల్లో తెచ్చారు. వాటితో పాటు వచ్చిన బలూచీలను, పఠాన్లను, పంజాబీలను, సింధీలను అందరినీ కలిపి "ఆఫ్ఘన్లు" అనేశారు. రైలు రాకముందు ఈ ఎడారికి సరుకులు మోసింది వాళ్ళే. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్ళే రైలుకు "ఘాన్" అనే పేరు వాళ్ళ మీదుగానే వచ్చింది. లారీలు వచ్చాక ఒంటెలను అడవిలోకి వదిలేశారు, అవి ఇప్పుడు మందలు మందలుగా పెరిగాయి.

నీళ్ళ గురించి మీరు అడగనే లేదు, అదే నాకు ఆశ్చర్యం. ఈ హైవేకు పేరిచ్చిన అన్వేషకుడు జాన్ మెక్‌డువాల్ స్టూవర్ట్ 1862లో ఈ ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటాడు. భూగర్భంలోంచి ఉబికే ఊటలను ఒకదాని తరువాత ఒకటి పట్టుకుంటూ వెళ్ళాడు. 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ తీగ ఇంచుమించు అతని దారిలోనే నడిచింది, తరువాత పాత రైలు కూడా ఆ ఊటల వెంటే. కానీ ఇప్పటి హైవే మార్లాకు దక్షిణాన ఆ ఊటల దారిని వదిలేసి కూబర్ పీడీ మీదుగా అడ్డంగా వెళుతుంది. పేరు స్టూవర్ట్‌ది, నీళ్ళు మాత్రం అతని దారిలోనే ఉండిపోయాయి. అందుకని మనిషికి రోజుకు పది లీటర్ల చొప్పున, కనీసం మూడు రోజులకు సరిపడా కారులో ఎప్పుడూ ఉండాలి. ఇద్దరికీ 60 లీటర్లు. ఒకే పెద్ద డబ్బాలో కాకుండా పది లీటర్ల డబ్బాల్లో పట్టండి, ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి. రోడ్డు పక్క తొట్టెల్లో ఉండేది చాలాచోట్ల బోరు నీరు, తాగడానికి పనికిరాదు.

కారు ఆగిపోతే కారు దగ్గరే ఉండండి. ఈ ఒక్కమాట ఆవిడతో మూడుసార్లు చెప్పించుకోండి. పై నుంచి వెతికేవాళ్ళకు కారు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. "అదిగో ఆ గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తుందేమో" అని నడిచినవాళ్ళే దారి తప్పుతారు. మీరు హైవే మీదే ఉంటారు కనుక గంటలో ఎవరో ఒకరు వస్తారు, తప్పకుండా ఆగుతారు. మీరు కూడా ఆగిన కారు కనిపిస్తే నెమ్మదించి బొటనవేలు పైకెత్తి చూపి అడగండి, ఇక్కడి మర్యాద అది. ఫోను ఊళ్ళలో పనిచేస్తుంది, ఊరు దాటిన కాసేపటికి పోతుంది. ఎడారిలో టెల్‌స్ట్రా సిమ్ మిగతావాటి కంటే మెరుగు. ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే పీఎల్‌బీ అనే చిన్న పరికరం అద్దెకు దొరుకుతుంది, తీసుకోండి. మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మామూలు పథకంలో కారును ఎన్ని కిలోమీటర్లు ఉచితంగా లాక్కెళతారో చదవండి. పై స్థాయి పథకానికి మారడానికి అయ్యే ఖర్చు, మేము ఆ రాత్రి కట్టిన దానిలో పదో వంతు కూడా కాదు.

పెట్రోలు సూత్రం: సగానికి వచ్చిందంటే నింపాలి. వూమెరా దగ్గరి పింబాలో నింపండి. గ్లెండాంబోలో బంకు తెరిచి ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, దొరికితే అక్కడా నింపండి. తరువాత కూబర్ పీడీ, 234 కిలోమీటర్లకు మార్లా, 180కి కుల్గెరా, 74కు ఎర్ల్‌డుండా. టెరిటరీలో మామూలు పెట్రోలు బదులు "ఓపల్" అని ఒకటి పోస్తారు, కంగారు పడకండి. పెట్రోలు వాసన పీల్చే వ్యసనం నుంచి మారుమూల ఊళ్ళ పిల్లలను కాపాడడానికి తయారుచేసిన ఇంధనం అది. మామూలు 91 ఆక్టేన్ పెట్రోలు పోసే కారుకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక పడక సంగతి. ఎడారి అంటే వేడి అనుకుని పలుచటి దుప్పట్లతో వెళ్ళే పొరపాటు మనవాళ్ళందరూ చేస్తారు. జులైలో ఉలూరు దగ్గర పగలు హాయిగా 20 డిగ్రీలు ఉంటుంది, తెల్లవారుజామున సున్నాకు దగ్గరగా, కొన్ని రోజులు ఇంకా కిందికి దిగుతుంది. చలి పై నుంచి కాదు, కింద నేల నుంచి వస్తుంది. గాలి నింపే మామూలు పరుపు కొన్నారంటే రాత్రంతా మంచుగడ్డ మీద పడుకున్నట్టే. లోపల చలి ఆపే పొర ఉన్న చాపలు కొనండి. స్లీపింగ్ బ్యాగు మీద రాసే ఉష్ణోగ్రత సున్నా కంటే ఐదు డిగ్రీలు తక్కువైనా ఉండాలి. టెంటు కంటే మాకు స్వాగ్ నచ్చింది. మందపాటి క్యాన్వాస్ సంచిలో పరుపు కూడా కలిసి ఉంటుంది, పరిచి దూరిపోవడమే. ఇద్దరికి సరిపోయేవి ఉన్నాయి. టెంటే అంటారా, ఇనుప మేకులు, సుత్తి తీసుకెళ్ళండి. కూబర్ పీడీ నేల రాయిలాంటిది, టెంటుతో పాటు వచ్చే సన్నటి మేకులు వంకీలు తిరిగిపోతాయి. బయలుదేరే ముందు ఒకసారి పెరట్లో, చీకట్లో, టార్చి వెలుగులో టెంటు వేసి చూడండి. ఆ మొదటి గొడవ ఇంట్లోనే అయిపోవడం మంచిది.

ఎక్కడపడితే అక్కడ ఆగి పడుకోవచ్చా అంటే, కూడదు. వూమెరా చుట్టూ రక్షణ శాఖవారి నిషేధిత ప్రాంతం ఉంది, హైవే దాని గుండా వెళుతుంది, రోడ్డు దిగి లోపలికి పోకూడదు. మిగతా నేల చాలావరకు పశువుల పెంపకందారులదో, ఆదివాసులదో. రాత్రి ఆగడానికి రోడ్డు పక్క విశ్రాంతి స్థలాలున్నాయి. లేక్ హార్ట్ ఉప్పు చెరువు పక్కనున్నది చాలా అందమైన చోటు. కానీ మొదటి ప్రయాణం కనుక క్యారవాన్ పార్కుల్లోనే ఉండండి. వేడినీళ్ళ స్నానం, వంటగది, బట్టలు ఉతికే యంత్రం ఉంటాయి. జులై మొదట్లో బడి సెలవులు కూడా ఉంటాయి, యులారా క్యాంపు స్థలం ఈ రోజే బుక్ చేయండి. ఉలూరు పార్కు లోపల టెంటు వేయనివ్వరు, యులారా తప్ప దగ్గరలో మరో దారి లేదు.

ఆవిడ అడగడానికి మొహమాటపడి ఉండవచ్చు, నేనే చెబుతాను. దారిలో మరుగుదొడ్లు గంటన్నర, రెండు గంటలకు ఒకటి. అవసరమైతే రోడ్డుకు, నీటికి దూరంగా వెళ్ళి జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చాలి. చిన్న పార, ఒక చెంబు కారులో ఉంచండి. కాగితం పాతిపెట్టకండి, ఈ నేలలో అది ఏళ్ళ తరబడి కుళ్ళదు. సంచిలో వేసి చెత్తబుట్ట దాకా తెచ్చుకోండి.

వంటకు మూడు లీటర్ల కుక్కరు, ఒంటి పొయ్యి చాలు. కుక్కరు నీళ్ళనూ గ్యాసునూ పొదుపు చేస్తుంది. అన్నం, పప్పు ఒకేసారి అయిపోతాయి. బియ్యం ఇంటి దగ్గరే కడిగి ఆరబెట్టి తెచ్చుకోండి. కందిపొడి, గోంగూర, చింతపండు పులిహోర ముద్ద, అటుకులు, ఉప్మా రవ్వ వేయించి పెట్టుకున్నది, అప్పడాలు. ఐస్ పెట్టెలో పెరుగు. ఐస్ రోడ్‌హౌసుల్లో (దారి పక్క బంకు, హోటలు కలిసి ఉండే చోట్లు) దొరుకుతుంది. రోడ్‌హౌసుల్లో శాకాహారం అంటే బంగాళాదుంప వేపుడు, జున్ను కాల్చిన రొట్టె. రెండు పూటలు తింటే మూడో పూట ఆవకాయ కలలోకి వస్తుంది. ఒక చిట్కా: ఉదయం చలికి పొయ్యి వెలగకపోతే పాడైందని పారేయకండి. సన్నటి డబ్బాల్లో ఉండే బ్యూటేన్ గ్యాసు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు. డబ్బాను పది నిమిషాలు దుప్పట్లో పెట్టుకుని వెచ్చబరిచి బిగించండి. టెంటు లోపల మాత్రం పొయ్యి ఎప్పుడూ వెలిగించవద్దు, మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కూరగాయలు మెల్‌బోర్న్‌లో కొనకండి. పండు ఈగ భయంతో దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దులో పండ్లు, కాయగూరలు తేవడంపై నిబంధనలున్నాయి. ఒకసారి సిడ్నీ నుంచి మిల్డూరా మీదుగా వస్తుంటే యాంబా తనిఖీ కేంద్రంలో మా పచ్చిమిరపకాయలు, టమాటాలు, చెల్లెలు పెరట్లో కాసిన వంకాయలు అన్నీ అప్పగించవలసి వచ్చింది. వంకాయలు వదిలేటప్పుడు మా వారి ముఖం చూడాలి. అడిలైడ్‌లో తాజాగా కొనుక్కోండి.

పాములు జులై చలిలో బద్ధకంగా ఉంటాయి. టెంటు జిప్పు ఎప్పుడూ మూసి ఉంచండి, రాత్రి టార్చి లేకుండా నడవకండి, ఉదయం బూట్లు దులిపి తొడుక్కోండి. వెడల్పాటి సాగే కట్టు రెండు చుట్టలు దగ్గర ఉంచి, కాటు పడితే కాలు మొత్తం గట్టిగా చుట్టి కదపకుండా ఉంచడం ఎలాగో నేర్చుకోండి. ఏడు ప్రయాణాల్లో నేను చూసిన పాములు రెండు, రెండూ రోడ్డు దాటి తమ దారిన పోయాయి. ఆ బూట్లు కూడా బయట వదలకండి, డింగో కుక్కలు ఎత్తుకుపోతాయి.

చూడవలసినవాటిలో వూమెరాను తేలికగా తీసుకోకండి. ఆస్ట్రేలియా తొలి ఉపగ్రహం 1967లో అక్కడి నుంచే ఎగిరింది. గ్రహశకలం నుంచి మట్టి తెచ్చిన జపాన్ హయబుసా పేటిక 2010లో ఆ నేల మీదే దిగింది. ఊరి మధ్య పాత రాకెట్లు ఆరుబయట నిలబెట్టి ఉంటాయి. కూబర్ పీడీలో జనం ఎండకు తాళలేక నేల కింద ఇళ్ళు తొలుచుకున్నారు. 1915లో 14 ఏళ్ళ కుర్రవాడికి ఓపల్ అనే రత్నం దొరకడంతో పుట్టిన ఊరది. చుట్టూ వేల గుంతలు మూతల్లేకుండా ఉన్నాయి, ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయకండి.

ఎర్ల్‌డుండా నుంచి వెళుతుంటే ఎడమ వైపు బల్లపరుపుగా ఒక పెద్ద కొండ కనిపిస్తుంది. అది ఉలూరు కాదు, మౌంట్ కానర్. మేము కారు ఆపి ఇరవై ఫొటోలు తీసి ఇండియాకు పంపాక తెలిసింది. మా అమ్మ ఇప్పటికీ దాన్నే ఫ్రేము కట్టించి పెట్టుకుంది.

అసలు ఉలూరు ఎత్తు 348 మీటర్లు. 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం నిషేధం. ఆ నేల సొంతదారులైన అనంగు ప్రజలు ఎన్నో ఏళ్ళుగా ఎక్కవద్దని కోరుతూనే ఉన్నారు. ఎక్కలేకపోయామే అని చింతించే తోటివాళ్ళు దారిలో తగులుతారు. సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్లు నడిచే మనకు, కొండ ఎక్కకపోయినా చుట్టూ నడిస్తే చాలన్న సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. చుట్టూ పది కిలోమీటర్ల పైన నడక, మూడున్నర గంటలు. ఉదయమే మొదలుపెట్టండి. కొన్నిచోట్ల ఫొటోలు తీయవద్దని బోర్డులుంటాయి, అక్కడ నిజంగానే తీయకండి. కొండ దగ్గరికి వెళ్ళేదాకా నున్నటి బండ అనుకుంటాము, దగ్గర నిలబడితే గుహలు, మడతలు, నీటి చారలు, ముటిట్జులు మడుగు. రెండో రోజు కటా ట్జుటా గుమ్మటాల మధ్య నడవండి. పాసు మూడు రోజులకు వస్తుంది, కనుక హడావుడి లేదు.

రాత్రి పది దాటాక స్వాగ్ జిప్పు తీసి నడినెత్తిన చూడండి. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. మన ఊళ్ళో దక్షిణానికి వాలి కనిపించే వృశ్చికం అక్కడ సరిగ్గా తల మీదికి వస్తుంది, తోక దగ్గర మూల నక్షత్రంతో సహా. ధ్రువుడు మాత్రం ఎంత వెతికినా దొరకడు.

వాన కురిస్తే? జులైలో తక్కువే, కానీ కురిస్తే ఎర్రమట్టి జిగురవుతుంది. 2022 జనవరి వరదలకు ఈ హైవే తెగి రోజుల తరబడి మూసేశారు. బయలుదేరే రోజు ఉదయం దక్షిణ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ రెండిటి రోడ్ల పరిస్థితి చూసుకోండి, మూసిన దారిలో వెళితే భారీ జరిమానా. ఒకటి రెండు రోజులు ఆగవలసి వస్తే ఉలూరులో ఒక రాత్రి తగ్గించండి, రోజుకు నడిపే కిలోమీటర్లు మాత్రం పెంచకండి.

దారి ఒక్కటే కాబట్టి మీ మధ్య దారి గురించి గొడవ రాదు. ఏసీ గురించి, పాటల గురించి వస్తుంది. రెండు గంటలకొకసారి చేతులు మారండి. మారినప్పుడు కారు దిగి అటూ ఇటూ నడవండి, నడిపేవాళ్ళదే పాటల ఎంపిక అని ముందే ఒప్పుకోండి. ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా ముందే చెప్పి ఉంచండి. ఇండియా అక్కడికి సరిగ్గా నాలుగు గంటలు వెనుక, మీ రాత్రి ఏడంటే వాళ్ళ మధ్యాహ్నం మూడు. ఊరు చేరగానే ఒక సందేశం చాలు. మధ్యలో ఫోను అందకపోవడం మామూలేనని రెండు వైపులా అమ్మలకు ఇప్పుడే చెప్పకపోతే, మీరు మార్లా చేరేలోగా బంధువులందరికీ కబురు వెళ్ళిపోతుంది.

కొత్త స్వాగ్ కొనకండి, ఖరీదు. మా గ్యారేజీలో ఇద్దరికి సరిపోయేది ఒకటి ఖాళీగా ఉంది. అడిలైడ్‌లో ఆగిన రాత్రి భోజనానికి మా ఇంటికే వచ్చి తీసుకెళ్ళండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఉతకాలని చూడవద్దు, పదేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, ఆ ఎర్రమట్టి పోదు.